ఆదివారం సాయంత్రాన్ని ఎవరు కొన్నారు?



వేసవి మొదలయ్యేసరికి మన ప్రాంతపు సంఘ కమిటీల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది: ఆదివారం సాయంత్రపు కూడికను ఒక గంట ముందుకు జరుపుదామా అని. కారణం ఎవరూ పైకి చెప్పరు. ఎండలంటారు, కరెంటంటారు. ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ కోసమేనని అందరికీ తెలుసు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. ఆ రోజు ఐపీఎల్ వారు ఒకటి కాదు, రెండు మ్యాచ్‌లు పెట్టారు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. అంతకు రెండు రోజుల ముందు, గుడ్ ఫ్రైడే రాత్రి, బెంగళూరులో మరొకటి. క్రైస్తవుల మీద పగతోనే అలా పెట్టారని కొందరు సోదరులు వాట్సాప్‌లో రాశారు. అది నిజం కాదు. సెలవు రోజున ఇంట్లో ఎక్కువమంది ఉంటారు, ఎక్కువమంది చూస్తే ప్రకటనకు ఎక్కువ ధర పలుకుతుంది. లెక్క అంతే. పగ అయితే క్షమించి ప్రార్థన చేయవచ్చు. ఇది లెక్క గనుక ముందు దానిని అర్థం చేసుకోవాలి.

2022 జూన్‌లో భారత క్రికెట్ బోర్డు ఐదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులను వేలం వేసింది. 2023 నుండి 2027 వరకు 410 మ్యాచ్‌లకు వచ్చిన మొత్తం 48,390 కోట్ల రూపాయలు. అంతకు ముందటి ఐదేళ్ళకు స్టార్ సంస్థ ఇచ్చినది 16,347 కోట్లు. అంటే ఒక్కో మ్యాచ్‌కు ఇప్పుడు సుమారు 118 కోట్లు. ఇరవై ఓవర్ల ఆటలో రెండు జట్లకూ కలిపి 240 బంతులు. భాగించి చూడండి, ఒక్కో బంతి ఖరీదు దాదాపు 49 లక్షలు. స్టేడియంలో టిక్కెట్టు కొని కూర్చున్నవారి వలన ఇంత డబ్బు రాదు. మనమందరం ఇంట్లో కూర్చుని చూస్తామని నమ్మి ఆ సంస్థలు ముందుగానే చెల్లించాయి. చెల్లించినదానిని ప్రకటనల ద్వారా, చందాల ద్వారా మన దగ్గర నుండే రాబట్టుకోవాలి. ఆ బజారులో బ్యాటూ బంతీ పైన పరిచిన గుడ్డ మాత్రమే. దాని కింద అమ్ముడుపోతున్న సరుకు మన కళ్ళు, మన గంటలు. 2024 నవంబరులో టీవీ హక్కులున్న స్టార్, మొబైల్ హక్కులున్న వయాకామ్18 కలిసిపోయి ఒకే సంస్థ అయ్యాయి. అంగడి కూడా ఇప్పుడు ఒక్కటే.

మన తెలుగువారికి ఈ సంగతి అర్థం కావడానికి దూరం వెళ్ళనక్కరలేదు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాదు జట్టును కొన్నది ఎవరు? ఒక పత్రికా సంస్థ. డెక్కన్ క్రానికల్, ఆంధ్రభూమి పత్రికలు నడిపిన డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ వారు 10.7 కోట్ల డాలర్లకు జట్టును కొని దానికి డెక్కన్ చార్జర్స్ అని పేరు పెట్టారు. మొదటి ఏడు అట్టడుగున నిలిచిన ఆ జట్టు 2009లో దక్షిణాఫ్రికాలో ఆడి, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. తరువాత సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. నెల తిరిగేసరికి హైదరాబాదు జట్టు మళ్ళీ వేలానికి వచ్చింది. ఈసారి ఏడాదికి 85 కోట్లకు పైగా ఇస్తామని కొన్నది సన్ టీవీ నెట్‌వర్క్, అంటే మన ఇళ్ళలో జెమినీ టీవీగా వచ్చేవారు, సన్ పిక్చర్స్ పేరుతో సినిమాలు తీసేవారు. ఆ జట్టే 2016లో కప్పు గెలిచిన సన్‌రైజర్స్.

ఒక్కసారి ఆలోచించండి. మన రాజధాని పేరు మోసిన జట్టును మొదట పత్రికవారు కొన్నారు, తరువాత టీవీ, సినిమావారు కొన్నారు. వార్త రాసేవారు, వినోదం అమ్మేవారు, ఆట ఆడించేవారు ఒకే ఇంటివారైతే ఆటలో తప్పు జరిగినప్పుడు అడిగేది ఎవరు? ఫలానా పత్రిక నిజం దాచిందని నేను అనడం లేదు. యజమాని జట్టు గురించి విలేకరి రాయవలసి రావడమే ఇబ్బందికరమైన స్థితి అంటున్నాను. ఒక సంఘపు ఖజానాదారే ఆ సంఘపు ఆడిటరు కూడా అయితే మనం ఒప్పుకోము గదా. మిగతా జట్ల సంగతీ అంతే. కోల్‌కతా జట్టుకు షారుఖ్ ఖాన్, పంజాబుకు ప్రీతి జింటా యజమానులు. 2011 నుండి సినిమా హీరోలే బ్యాట్ పట్టే సెలబ్రిటీ క్రికెట్ లీగ్ కూడా ఉంది. దానిలో మన హీరోల జట్టు పేరు తెలుగు వారియర్స్. ఎవరు ఆటగాడు, ఎవరు నటుడు అన్న గీత చెరిగిపోయి చాలాకాలమైంది.

ఆట డబ్బుకోసం ఎలా వంగుతుందో తెలిపే చిన్న సాక్ష్యం ఒకటుంది. 2009లో ఐపీఎల్ వారు 'స్ట్రాటజిక్ టైమవుట్' అనే విరామాన్ని కనిపెట్టారు. జట్లు వ్యూహం మాట్లాడుకోవడానికని చెప్పారు. ఇప్పుడు ఇన్నింగ్స్‌కు రెండు చొప్పున, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. ఆ సమయంలో మనకు వ్యూహం ఎప్పుడైనా వినిపించిందా? ప్రకటనలే గదా. పైగా ఆ విరామానికే ఒక స్పాన్సరు. ఇది మనదేశపు కొత్త తెలివి కూడా కాదు. 1977లో ఆస్ట్రేలియాలో ఛానల్ నైన్ యజమాని కెర్రీ ప్యాకర్‌కు టెస్టు మ్యాచ్‌ల ప్రసార హక్కులు ఇవ్వలేదని, ఆయన లోకంలోని మంచి ఆటగాళ్ళను కొనుక్కుని తానే పోటీ సిరీస్ నడిపాడు. రంగు బట్టలు, తెల్ల బంతి, ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి ఆటలు అక్కడే ఊపందుకున్నాయి. రాత్రి పూట ఆడించడం ఆటగాళ్ళు అడిగినది కాదు. జనం పని ముగించుకొని టీవీ ముందు కూర్చునేది అప్పుడే.

అయితే ఒక పక్షమే చెప్పడం న్యాయం కాదు. కబడ్డీ సంగతి చూడండి. మన మంజీర ఒడ్డు పల్లెల్లో మట్టిలో ఆడుకున్న ఆట అది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది, స్టార్ సంస్థ దానిని ప్రసారం చేసి, మరుసటి ఏడాదే నిర్వహించే కంపెనీలో పెద్దవాటా కొన్నది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది, రెయిడ్‌కు ముప్పై సెకన్ల గడియారం వచ్చింది, 'డూ ఆర్ డై' వచ్చింది. అన్నీ టీవీ కోసమే. కాని ఆ మొదటి వేలంలో అత్యధిక ధర 12 లక్షల 80 వేలు. 2023లో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చింది. మోకాలు విరిగితే గతిలేని ఆటగాడికి ఈ డబ్బు వచ్చిందంటే సంతోషించవలసినదే. టీవీ రావడమే పాపమని ప్రసంగించేవారితో నేను ఏకీభవించను. ఒకప్పుడు మన సంఘాల్లో రేడియోను కూడా అలాగే అన్నారు, తరువాత అదే రేడియోలో మన వర్తమానాలు విన్నాము.

చిక్కు ఇంకొక చోట ఉంది. టీవీకి ఆట ఒక్కటే చాలదు, కథ కావాలి. కథ లేనివారిని అది చూపదు. చూపవలసి వస్తే కథ అల్లుతుంది.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌నే తీసుకుందాం. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచింది. 2022 మే 19న అదే దేశంలోని ఇస్తాంబుల్‌లో పెద్దల ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. రెండు టర్కీ విజయాల మధ్య పదకొండేళ్ళు. ఆ మధ్యకాలంలో భుజం గాయం, ఆపరేషను, తిరిగి మొదటి మెట్టు నుండి ఎక్కడం. ఆ సంవత్సరాల్లో ఆమె పేరు టీవీల్లో హోరెత్తినది నాకు గుర్తున్నంతలో ఒక్కసారే. 2019లో ఒలింపిక్ అర్హత పోటీకి మేరీ కోమ్‌ను నేరుగా పంపకుండా తనకూ ట్రయల్ పెట్టమని ఈమె క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. డిసెంబరులో ట్రయల్ జరిగింది, మేరీ కోమ్ 9-1తో గెలిచింది, చెయ్యి కలపలేదు. ఆ కలపని చెయ్యి రోజుల తరబడి చర్చ అయ్యింది. ఓడిన అమ్మాయి మరునాడు ఎన్నింటికి లేచి సాధన చేసిందో ఎవరికీ పట్టలేదు. ఎంపిక న్యాయంగా ఉండాలని అడగడం అసలు విషయం. అది ఇద్దరు ఆడవాళ్ళ తగాదాగా మారిపోయింది. తగాదా అయితే అమ్ముడుపోతుంది మరి.

ఈ జిల్లా నుండే గుగులోతు సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళింది. ఎండల సౌందర్య దేశానికి హాకీ ఆడింది. మన సండేస్కూలు పిల్లల్ని ఈ ఇద్దరి పేర్లు అడగండి. ఆ తరువాత సన్‌రైజర్స్ జట్టులోని విదేశీ ఆటగాళ్ళ పేర్లు అడగండి. తేడా పిల్లల తప్పు కాదు, వారికి చూపినదే వారికి తెలుసు.

కథ అల్లడంలో మన క్రైస్తవ వీరులకూ మినహాయింపు లేదు. ఎరిక్ లిడ్డెల్ గురించి మనం ఎన్నో ప్రసంగాల్లో చెప్పాము. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హీట్స్ ఆదివారం ఉన్నాయని పరుగెత్తనన్నాడు, నాలుగు వందల మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం తెచ్చాడు. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఆయనకు ఈ సంగతి ఓడ ఎక్కుతుండగా తెలిసినట్లు చూపారు. నిజానికి ఆయనకు నెలల ముందే తెలుసు, ఆ నెలల్లోనే వేరే పరుగుకు నిదానంగా సిద్ధపడ్డాడు. సినిమాకు ఆ నిదానం పనికిరాదు, ఓడ మెట్ల మీద ఉలికిపాటు కావాలి. ఆస్కార్ వచ్చింది. తరువాతి ఇరవై ఏళ్ళు మాత్రం ఆ కథలో లేవు. చైనాకు మిషనెరీగా వెళ్ళాడు, 1945లో జపాను వారి నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆ శిబిరంలో పిల్లలకు ఆటలు ఆడించేది ఆయనే. మొదట ఆదివారం ఆడించలేదు. పిల్లలు తమంతట తాము హాకీ ఆడి కొట్టుకుంటున్నారని తెలిసి, తరువాతి ఆదివారం తానే వచ్చి రిఫరీగా నిలబడ్డాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. నాకు పతకం కంటే ఆ రిఫరీయే ఎక్కువ నేర్పాడు. విశ్రాంతి దినం గురించి ఆయన మనసు మారలేదు, పిల్లల తలలు పగలకూడదనుకున్నాడు.

వినోదపు గుంపు సంఘానికి కొత్త శత్రువు అనుకోకండి. కొరింథుకు దగ్గరలోనే ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి, గెలిచినవాడి తలపై ఆకుల కిరీటం పెట్టేవారు. పౌలు భక్తుడు ఆ క్రీడలను తిట్టలేదు, పందెగాడి క్రమశిక్షణను మెచ్చుకొని, వాడిపోయే ఆ ఆకులను చూపి వాడిపోని కిరీటం గురించి బోధించాడు (1 కొరింథీ 9:24-27). ఆయన మెచ్చినది పరుగెత్తేవాడిని, అరుగు మీద కూర్చుని అరిచేవాడిని కాదు. 399లో కాన్‌స్టాంటినోపుల్‌లో యోహాను క్రిసోస్తొము బిషపు చేసిన ప్రసంగం ఒకటుంది. భారీ వానలకు పంటలు పోతాయని ఊరంతా కన్నీటితో ప్రార్థనలు చేసింది. మూడు రోజులు కాకముందే, శుక్రవారం అదే జనం గుర్రపు పందాలకు, శనివారం నాటకశాలకు పోయారు. చెరకు, వరి పండించే మన రైతులకు ఈ బిషపుగారి బాధ వివరించనక్కరలేదు. అంతకంటే లోతుగా చూసినవాడు అగస్టీను. తన స్నేహితుడు అలీపియస్‌ను మిత్రులు రోములో కత్తియుద్ధాలకు బలవంతంగా లాక్కుపోయారు. అతడు కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఒక దెబ్బకు గుంపు ఒక్కసారిగా అరిచింది, కళ్ళు తెరిచాడు, ఇక మూయలేకపోయాడు. అతణ్ణి లోపలికి లాగినది చెవిలో పడిన గుంపు కేక. ఈనాటి ప్రసారంలో మైకులను గుంపు వైపు ఎందుకు తిప్పుతారో అలీపియస్‌ను చదివితే తెలుస్తుంది.

గుంపు కేక ఎంత దూరం పోతుందో కూడా చూశాము. 532లో అదే కాన్‌స్టాంటినోపుల్‌లో రథపు పందాల అభిమానులు, నీలిరంగు పచ్చరంగు జట్ల వారు, రేపిన అల్లర్లలో సుమారు ముప్పై వేలమంది చచ్చారు. 2025 జూన్ 4న బెంగళూరులో కప్పు గెలిచిన జట్టును చూడడానికి పోయిన పదకొండుమంది తొక్కిసలాటలో ప్రాణాలు విడిచారు. ఆరు నెలల ముందు హైదరాబాదులో ఒక సినిమా తొలి ఆటలో ఒక తల్లి ఇలాగే పోయింది. ఆట, సినిమా వేరువేరు శాఖలని పోలీసు రికార్డుల్లో ఉండవచ్చు. తొక్కిసలాటలో మాత్రం రెండూ ఒకటే.

ఇక మన ఇళ్ళకు అసలు అపాయం తెచ్చినది బెట్టింగ్. ఆట, మీడియా, సినిమా ఈ మూడూ చేతులు కలిపినది ఇక్కడే. ఆటగాడు యాప్ పేరు చొక్కా మీద వేసుకుంటాడు, నటుడు ప్రకటనలో నవ్వుతాడు, ఛానలు దాన్ని ఓవరుకోసారి చూపుతుంది. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సరే డ్రీమ్11. 2023 నుండి భారత జట్టు చొక్కా మీదా అదే పేరు. తెలంగాణలో 2017 నుండే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం నిషేధం, అయినా ఫోను ఆగలేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని నటులు, యూట్యూబర్ల మీద హైదరాబాదు ప్రాంతంలో కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. డ్రీమ్11 వెనక్కి తగ్గింది, సెప్టెంబరులో ఆసియా కప్‌లో మన జట్టు స్పాన్సరు పేరు లేని చొక్కాతో ఆడింది. కాని విదేశాల నుండి నడిచే యాప్‌లు పేరు మార్చుకొని వస్తూనే ఉంటాయి.

2024 అక్టోబరులో మన జిల్లాలోనే, బోధన్‌కు దగ్గరి ఒక పల్లెలో, కొడుకు ఆన్‌లైన్ ఆటలో చేసిన అప్పులు తీర్చలేక ఒక కుటుంబం మొత్తం ప్రాణాలు తీసుకుంది. పొలం అమ్మినా తీరలేదట. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత ఈ ప్రాంతంలో చేతికి పనిలేని యువకులు ఎంతమందో మీకు తెలుసు. గల్ఫ్ నుండి నాన్న పంపిన డబ్బు ఖాతాలో, ఖాతా ఫోనులో, ఫోను ఇరవై ఏళ్ళ కుర్రాడి చేతిలో. ఇంతకంటే సులభమైన గిరాకీ ఎవరికి దొరుకుతుంది?

పాస్టర్లకు ఒక మాట. అలాంటి కుర్రాడు మీ దగ్గరకు వస్తే, అతణ్ణి ఉజ్జీవకూడికలో వేదిక మీద నిలబెట్టి సాక్ష్యం చెప్పించకండి, కనీసం మొదటి ఏడాది. సిగ్గు పెరిగితే తిరిగి అదే ఫోను దగ్గరకు పోతాడు. ముందు అప్పు ఎంతో కాగితం మీద రాయించండి, సగమే చెబుతాడు, ఓపికగా మళ్ళీ అడగండి. లోన్ యాప్ వారు బెదిరిస్తుంటే 1930కి ఫోను చేయించండి. చనిపోతానన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఒంటరిగా వదలకండి, 14416 టెలీమానస్ నంబరుకు పగలూ రాత్రీ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన వీటికి బదులు కాదు, ఇవి ప్రార్థనకు బదులు కావు.

మన సొంత ఇంటి సంగతి కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 30న ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ కన్నీళ్ళతో యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. మనమందరం ఆనందించాము, నేనూ ఆనందించాను. గంట గడవకముందే ఆ ముక్క మన సంఘాల గ్రూపుల్లో పాటలతో, మెరుపులతో తిరిగింది. అదే సమయంలో ఆమె తన ఆందోళన గురించి, ఆ టోర్నీలో దాదాపు రోజూ ఏడ్చిన సంగతి గురించి కూడా మాట్లాడింది. నాకు వచ్చిన వీడియోల్లో ఆ భాగం చాలావరకు కత్తిరించి ఉంది. గెలిచిన విశ్వాసిని చూపాలి, ఏడ్చిన విశ్వాసిని దాచాలి. ఛానళ్ళు ఆటగాళ్ళను వాడుకుంటాయని ఇప్పటిదాకా రాశాను, మనం చేసినది దానికి ఎంత దూరం? ఆమె తరువాతి మ్యాచ్‌లో సున్నాకు అవుటైతే మన సువార్త కూడా అవుటవుతుందా? నిఖత్ పారిస్‌లో ఓడినరోజు కూడా ఆమె మన జిల్లా బిడ్డే.

మరి సాయంత్రపు కూడిక సమయం? నా అభిప్రాయం అడిగితే, మార్చవద్దు. మ్యాచ్ చూసినవాడిని మరునాడు నిలదీయనూ వద్దు. ఫైనల్‌ను చర్చి ప్రొజెక్టరు మీద చూపిద్దామని కొన్ని యూత్ గ్రూపులు అడుగుతున్నాయి, దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఇంటి గోడ మీద ఎలాగూ వచ్చే ప్రకటనలను బలిపీఠం పక్కన కూడా చూపనక్కరలేదు. వారికి అడగవలసినది వేరే ఉంది, అది స్థలం.

మన పెద్దలు, వెస్లియన్ మిషనెరీలు, ఈ ప్రాంతంలో చర్చీలు కట్టినప్పుడు చుట్టూ విశాలమైన ఆవరణలు వదిలారు. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు కూడా పడకలతోపాటు చెట్లకు, గాలికి చోటు చూశారు. ఇప్పుడు ఆ ఆవరణల్లో కొన్ని షాపు గదులయ్యాయి, కొన్ని ఆదివారం కార్లు నిలిపే చోట్లు. మిగతా ఆరు రోజులు గేటుకు తాళం. ఊళ్ళో ఆడపిల్లలకు భయంలేకుండా పరుగెత్తే గ్రౌండు దొరకడం ఎంత కష్టమో తల్లులను అడగండి. వచ్చే కమిటీ సమావేశపు ఎజెండాలో కూడిక సమయం అన్న అంశం కింద ఇంకొకటి చేర్చండి: గేటు తాళంచెవి సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు ఎవరి దగ్గర ఉండాలి, వాలీబాల్ నెట్టు ఎవరు కొనాలి, ఆడపిల్లలు ఆడేటప్పుడు ఏ ఇద్దరు అక్కలు అక్కడ కూర్చోవాలి.